దండలకు ఆరు నిమిషాలు

నెల కిందట మా చెల్లెలి మనవరాలు వాళ్ళ బడి కచేరీ కార్డు తెచ్చి నా చేతిలో పెట్టినప్పుడు, అందులో ఆ పిల్ల పేరు ఎక్కడుందో చూడకుండానే నేను పెన్సిలు కోసం వెతుక్కున్నాను. ఏ అంశానికి ఎన్ని నిమిషాలో పక్కన అచ్చువేసి ఉంది. పదకొండు అంశాలు, కూడితే నూట పద్దెనిమిది నిమిషాలు, మొదలయ్యేది పదిన్నరకి, అంటే పన్నెండూ ఇరవై ఎనిమిదికి అయిపోవాలి. అతిథుల సత్కారానికి ఎంత వేశారా అని పైనుంచి కిందకి రెండుసార్లు చూశాను. పది నిమిషాలు వేశారు. ఆ అంకె కనబడ్డాక గానీ కార్డు కింద పెట్టలేకపోయాను.

పిల్ల వచ్చిన పని వేరే. "పెద్దమ్మమ్మా, అమ్మమ్మ రానంటంది. నువ్వు తీసుకురా, బస్, ఇంకేం చెప్పకు" అని నా మెడ పట్టుకుంది. ఆ పిల్ల కలకత్తాలో పుట్టి కలకత్తాలోనే పెరిగింది, తెలుగు మాట్లాడుతుంది గానీ చదవలేదు. కచేరీలో బ్యాండుతో కలిసి బృందగానంగా పాడబోయే తెలుగు పాటని బెంగాలీ అక్షరాల్లో రాసుకుని, ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ఫోను కవరులో దాచుకుంది. అమ్మమ్మ ఎందుకు రాదో దానికి తెలియదు. మా చెల్లి బడి కచేరీకి వెళ్ళి యాభై ఎనిమిదేళ్ళయింది, కన్నకూతురు పాడినా వెళ్ళలేదు. కారణం తమకు తెలుసుననే మా కుటుంబంలో పెద్దవాళ్ళందరూ అనుకుంటారు. సరైన కారణం తెలిసినది నేనొక్కదాన్నే.

మాది హౌరా పక్కన లిలువా రైల్వే క్వార్టర్సు. మా నాన్న కార్ఖానాలో ఫిట్టరు, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి చేరినవాడు. నా ఈడువాళ్ళు, అలాంటి క్వార్టర్సులో పెరిగినవాళ్ళు, కార్ఖానా కూతని మరిచిపోయి ఉండరు. పక్కింటి బెంగాలీలు దాన్ని భోం అనేవారు, మా అమ్మలు కూత అనేవారు. ఆ కూత పడిన పది నిమిషాలకి మగవాళ్ళు గేటు దాటి ఇళ్ళకి వచ్చేస్తారు, వచ్చేసరికి గంజి వార్చి, కంచం పెట్టి, కాళ్ళు కడుక్కోడానికి చెంబుతో నీళ్ళు పెట్టి ఉండాలి. అందుకని కూత పడితే మా ఆడవాళ్ళు ఎక్కడున్నవాళ్ళు అక్కడ లేచేవారు. కుళాయి దగ్గర సగం నిండిన బిందెతో లేచేవారు, నోములో కథ సగంలో ఉండగా అక్షింతలు చేతిలోనే పట్టుకుని లేచేవారు, ఒకసారి చావు పలకరింపుకి వెళ్ళినవాళ్ళు కూడా లేచి వచ్చేయడం నేను చూశాను. ఎవరూ ఎవరినీ తప్పుపట్టేవారు కాదు. అది లేవాలనుకుని లేవడం కాదు, ఒళ్ళే లేచేది. శనివారం ఒంటిపూట, కూత సరిగ్గా పన్నెండున్నరకి.

మా బడి క్వార్టర్సు చివర ఉండేది. సంగీతానికి బెంగాలీ దిదిమణి, అంటే టీచరమ్మ, ఒకావిడ వారానికి రెండుసార్లు గంగ దాటి వచ్చేది. ఆవిడ వచ్చిన ఏడాదే బడికి బ్యాండు వచ్చింది. ఆరు వేణువులు, రెండు చిన్న డ్రమ్ములు, ఒక పెద్ద డ్రమ్ము. పాడే జట్టులోకి మొదట నన్నే తీసుకున్నారు, ఎనిమిది రోజుల తరవాత నా గొంతు శ్రుతి కలవడం లేదని తీసేసి, ఆ చోట్లో మా చెల్లిని నిలబెట్టారు. నాకు పద్నాలుగేళ్ళ మూడు నెలలు, చెల్లికి అప్పుడే పదేళ్ళు నిండాయి. నేను లెక్కల్లో బడికి మొదటిదాన్ని గనక తాళం తప్పనని దిదిమణి నన్ను బ్యాండులో వేసింది. నాకిచ్చిన వాద్యం మూడు మూలలుగా వంచిన ఉక్కు కడ్డీ. దాన్ని మా నాన్నే కార్ఖానాలో వంచి తెచ్చాడు. తాడుతో వేలాడదీసి, చిన్న ఊచతో కొడితే ఖణేలుమనేది.

పాట మధ్యలో మా చెల్లికి ఎనిమిది పాదాలు ఒంటరిగా ఇచ్చారు. ఆ ఎనిమిది పాదాల సేపూ బ్యాండు మౌనంగా ఉండాలి, నేను మనసులో నూట ఇరవై ఎనిమిది లెక్కపెట్టి కడ్డీ మీద ఒక్క దెబ్బ కొడితే అందరూ మళ్ళీ అందుకోవాలి. అంటే పాట మొత్తం మీద నా పని, ఇంచుమించుగా, మా చెల్లి పాడుతుంటే నోరు మూసుకుని అంకెలు లెక్కపెట్టుకోవడం. ఇంట్లోనూ అదే పని. అది సాధన చేస్తుంటే నాన్న దగ్గు కూడా ఆపుకునేవాడు. గొంతు బాగుంటుందని అమ్మ సాయంత్రం పూట దానికి తాటి మిశ్రి, అంటే తాటి కలకండ ముక్క నోట్లో పెట్టేది. నేను అడిగితే నాకూ ఇచ్చేది. అడిగితేనే.

బడి పండుగ ఏటా ఆదివారం జరిగేది, ఆ ఏడు ముఖ్య అతిథికి వీలుపడక శనివారం పెట్టారు. మా పెద్ద టీచరమ్మా, దిదిమణీ ఇద్దరూ ఎక్కడెక్కడి నుంచో వచ్చేవాళ్ళే, క్వార్టర్సు సంగతి వాళ్ళకి పూర్తిగా తెలియదు. పెద్ద టీచరమ్మ నన్ను పిలిచి, ఏది ముందు ఏది వెనక అన్నది నువ్వే రాయమ్మా, కూతలోగా అయిపోవాలి, నిమిషాలు నువ్వు చూసుకో అని కాగితం చేతికిచ్చింది. నాన్న గడియారం పెట్టుకుని ఒక్కొక్క అంశం సాధనలో ఎంతసేపు పట్టిందో రాసుకున్నాను. పదిన్నర నుంచి పన్నెండున్నర వరకు ఉన్నవి నూట ఇరవై నిమిషాలు. అంశాలన్నీ కలిపితే కచ్చితంగా నూట ఇరవై వచ్చాయి. పన్నెండూ ఎనిమిదికి డ్రిల్లు, పన్నెండూ ఇరవైకి పాట, పన్నెండూ ఇరవై ఏడుకి చివరి కవాతు. అంతా రాశాక, మొట్టమొదట అతిథులకి దండలు వేస్తారని గుర్తొచ్చింది. ఆరుగురు అతిథులు, ఒక్కొక్కరికి ఒక నిమిషం. దండలకు ఆరు నిమిషాలు అని పైన రాశాను. ఇప్పుడు మొత్తం నూట ఇరవై ఆరు.

దానికి చెయ్యవలసింది చాలా చిన్న పని. పాటని డ్రిల్లుకి ముందుకు తెస్తే చాలు. కూత డ్రిల్లులో పడినా ఎవరికీ నష్టం లేదు. నేను ఆ పని చెయ్యలేదు. రబ్బరు తీసుకుని దండల ఆరు నిమిషాలూ తుడిచేశాను. మొత్తం మళ్ళీ నూట ఇరవై అయింది. పెద్ద టీచరమ్మ కూడి చూసి, సరిపోయిందని సంతకం పెట్టింది. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది, వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే తుడిచిన చోట కాగితం పలచబడి కనిపిస్తుంది.

ఆ శనివారం దండలకి సరిగ్గా ఆరు నిమిషాలే పట్టాయి. పాట పన్నెండూ ఇరవై ఆరుకి మొదలైంది. మూడున్నర నిమిషాలకి బ్యాండు ఆగింది, మా చెల్లి నీలం రిబ్బన్ల జడలతో ఒక అడుగు ముందుకు వేసింది. శామియానా కింద జంపఖానాల మీద అమ్మలందరూ కూర్చున్నారు, మా అమ్మ మూడో వరసలో గేటు వైపు. నేను లెక్క మొదలుపెట్టాను. ముప్పై రెండు దగ్గర కూత పడింది.

మొదటి వరస మొత్తం ఒక్కసారి లేచింది. తరవాత రెండోది. చీర కుచ్చెళ్ళు దులుపుకుంటూ, చంకలో పిల్లల్ని సర్దుకుంటూ, గాజులు గలగలలాడుతుంటే అందరూ గేటు వైపు తిరిగారు. మా చెల్లి పాడుతూనే ఉంది, కూతలో దాని గొంతు ఎవరికీ వినపడదు, పెదవులు మాత్రం కదులుతున్నాయి. మా అమ్మ లేవలేదు. చుట్టూ ఉన్నవాళ్ళు లేచిపోతుంటే మోకాళ్ళ మీద చేతులు బిగించుకుని కూర్చుంది. నేను లెక్కపెడుతున్నాను గనక నాకు కచ్చితంగా తెలుసు, అరవై నాలుగు అంకెల సేపు కూర్చుంది. మా చెల్లి అటు చూడలేదు, లేచిపోతున్న ముందు వరసలనే చూస్తోంది. తొంభై ఆరు దగ్గర అమ్మ లేచింది, అప్పుడే చెల్లి తలతిప్పి చూసింది, అమ్మ వీపు చూసింది. నోరు తెరిచింది తెరిచినట్టే ఆగిపోయింది.

దిదిమణి చెయ్యి ఊపుతోంది, పాడు పాడు అని. ఇంకా రెండు పాదాలున్నాయి. నేను ఆగి ఉంటే, ఆ దెబ్బ కొట్టకుండా కాస్త ఎదురుచూసి ఉంటే, అది మళ్ళీ అందుకునేదేమో. నేను మిగిలిన ముప్పై రెండూ లెక్కపెట్టి, నూట ఇరవై ఎనిమిదికి కడ్డీ మీద కొట్టాను. బ్యాండు అందుకుంది, జట్టు అందుకుంది, పాట పూర్తయిపోయింది. ఇంత గందరగోళంలోనూ తాళం తప్పని పిల్ల అని దిదిమణి అందరి ముందూ నా తల నిమిరింది.

ఆ మధ్యాహ్నం చెల్లి అన్నం ముట్టలేదు. అమ్మకి ఏం చెప్పాలో తెలియక, "కూతేసీసినాక కూకుంటానేటే? మీ నాయనొచ్చి కంచం ముందు నిలబడతాడు గదా" అంది. ఆ మాట దానికి కోపం తెప్పించింది, నాకు తప్పించుకునే సందు అయింది. అమ్మ అరవై నాలుగు అంకెల సేపు కూర్చుందని నేను అప్పుడే చెప్పవచ్చు. కానీ ఆ అంకె బయటకి తీస్తే మిగిలిన అంకెలూ దాని వెంటే వస్తాయి.

చెల్లి మళ్ళీ పాడలేదు. గంగ అవతల మెటియాబ్రుజ్‌లో ఓడల డాకుల్లో పనిచేసే అబ్బాయికి ఇచ్చి చేశాం, పెళ్ళిపీటల దగ్గర ముత్తైదువలు పాట పాడమంటే నవ్వుతూ, "నా పాటకి మాయమ్మే లెగిసి ఎలిపోనాది, మీరేటి కూకుంటారు?" అంది. అందరూ నవ్వారు. ప్రతి శుభకార్యంలోనూ ఆ హాస్యం నడిచేది, ప్రతిసారీ అమ్మ కూడా నవ్వి, ఏదో పని ఉన్నట్టు లోపలికి వెళ్ళేది. నేను రైల్వే ఆఫీసులో ముప్పై నాలుగేళ్ళు హాజరు పట్టీలు రాశాను, ఎవరు ఏ నిమిషానికి వచ్చారో, ఎవరు ఏ నిమిషానికి లేచి వెళ్ళారో. ఒక్క తప్పు రాయలేదని రిటైరైన రోజు అందరూ చెప్పారు. అమ్మ మంచాన పడిన ఆఖరి వారంలో, ఒక మధ్యాహ్నం, చెల్లి చెయ్యి పట్టుకుని ఆ పాట ఒక్కసారి అనవే అని అడిగింది. "మరిసిపోనానమ్మా" అంది చెల్లి. నేను ఆ గదిలోనే, మందుల సీసా మీద వేళలు చూసుకుంటూ నిలబడి ఉన్నాను.

ఇక ఆ పిల్ల కచేరీ. చెల్లిని ఎలాగో ఒప్పించి తీసుకెళ్ళాను. హాలులో చివరి కుర్చీ, గుమ్మం పక్కది, కావాలంది. దండలయ్యాయి, ఎనిమిది నిమిషాలే పట్టింది. ఇంకా రెండు అంశాల తరవాత మా పిల్ల వాళ్ళ పాట. ఎందుకో అప్పుడే చెప్పాలనిపించింది. మావైపు అక్కని అప్ప అంటారు, అది నన్ను ఈ వయసులోనూ అలాగే పిలుస్తుంది. "ఏటప్పా, ఒళ్ళు బాగోలేదా?" అంది నా మొహం చూసి.

"ఆ కాగితంలో దండలకి ఆరు నిమిషాలేసి నేనే తుడిచీసినానే. కూత నీ పాటలో పడతాదని నాకు తెలుసు."

"తెలుసా?"

"తెలుసనే అనుకుంటన్నాను." అంతకంటే కచ్చితంగా నేను చెప్పలేను. ఇన్నేళ్ళుగా ఆ లెక్క మళ్ళీ మళ్ళీ చేస్తున్నాను, పిల్లతనపు తొందరలో తుడిచానా, తెలిసి తుడిచానా అన్నది మాత్రం తేలడం లేదు. ఆ తరవాత అమ్మ సంగతి చెప్పాను. అందరూ లేచినా అమ్మ లేవలేదని, అరవై నాలుగు లెక్కపెట్టినంత సేపు కూర్చుందని.

చెల్లి వేదిక వైపు నుంచి నా వైపు తిరిగింది.

"నువ్వు తుడిచీసినావని అమ్మకి తెలుసా? తను కూకున్నాదని నాకు తెలీదని అమ్మకి తెలుసా?"

"లేదు."

"మరి నాకెందుకు సెప్పినావప్పా, ఇప్పుడు?"

పిల్లలు వేదిక మీదికి వచ్చేశారు. మా పిల్ల ఎడమ నుంచి మూడోది. కాగితం తీయకుండానే పాడింది. పాట అయ్యాక హాలంతా ఒక్కసారి లేచి నిలబడి చప్పట్లు కొట్టింది, ఇప్పుడు అదే మర్యాదట. కుర్చీలు వెనక్కి జరిగిన ఆ చప్పుడుకి మా చెల్లి ముందు కుర్చీ వీపుని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. హాలు మొత్తంలో అదొక్కతే కూర్చుని ఉంది. సగం లేచిన నేను మళ్ళీ కూర్చున్నాను.

బస్సు దగ్గర విడిపోయేటప్పుడు, ఇంటికి చేరినాక ఫోను చెయ్యమని అది ఎప్పుడూ అంటుంది. ఆ రోజు అనలేదు. నేను హౌరా వైపు లాంచీ ఎక్కి, నీళ్ళ మీద పన్నెండు నిమిషాలు, అక్కడి నుంచి రైలులో లిలువా వచ్చాను. ఆదివారం పదింటికి అది ఫోను చేయడం మా అలవాటు. మూడు ఆదివారాలు వెళ్ళాయి. కాగితం తీసి, తుడిచిన చోట దండలకు ఆరు నిమిషాలు అని సిరాతో మళ్ళీ రాశాను. కింద మొత్తం నూట ఇరవై ఆరని దిద్దాను.

మా ఇంటికిప్పుడు కూత వినపడదు. చుట్టూ లేచిన మేడల వల్లనో, నా చెవుల వల్లనో. ఈ వీధిలో కొత్తగా వచ్చినవాళ్ళకి అలాంటిదొకటి ఉండేదని కూడా తెలియదు. ఎవరి వేళలు వాళ్ళ ఫోనుల్లో ఉన్నాయి, ఎవరి అన్నం వాళ్ళు ఎప్పుడో తింటున్నారు. కూత ఉన్న రోజుల్లో ఎవరు ఎప్పుడు లేస్తారో, ఎవరు ఎప్పుడు ఇంటికి వస్తారో నిమిషంతో సహా నాకు తెలిసేది. ఆదివారం పది అవుతుంటే ఇప్పుడు ఫోను ముందు పెట్టుకుని కూర్చుంటాను. అరవై నాలుగు లెక్కపెడతాను, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడతాను.