తూటా లేని కథ

మా సోషల్ అయ్యవారు పోయారన్న కబురు నాకు ఉదయగిరి బస్సు కండక్టరు చెప్పాడు. నేనిప్పుడు ఆత్మకూరులో ఒక సర్కారు బడిలో పంతులమ్మను. సోమవారం పొద్దున బస్టాండు పక్కగా బడికి పోతుంటే అతను బస్సు దిగి ఎదురొచ్చాడు. "మేడమ్మా, మన సోషల్ అయ్యోరు తెల్లారి పోయినాడంట. మధ్యాన్నం ఎత్తతారంట. నువ్వు వస్తావని బండి ఆపినాను. సీటు ఉండాది, ఎక్కు" అన్నాడు. అతనూ ఆయన దగ్గర చదువుకున్నవాడే. సెలవు చీటీ ఒక పిల్ల చేతికిచ్చి బడికి పంపి బస్సెక్కాను.

దారిలో ఏడుపు రాలేదు. ఈ మాట రాయడానికి మొహమాటంగానే ఉంది. కానీ ఆయన గురించి రాస్తూ లేని ఏడుపును ఉన్నట్టు రాయలేను. బాధ మాత్రం ఉంది, దుత్తలూరు దాటాక అది మరీ ఎక్కువైంది.

డెబ్బయ్యో దశకం నడిమి సంవత్సరాల్లో నేను ఉదయగిరి హైస్కూల్లో చదివాను. మాది కొయ్య గరిటెలు చెక్కే ఇల్లు. మా దాదా, అంటే నాన్నకు నాన్న, కొండెక్కి కొయ్య తెచ్చేవాడు. నాన్న చెక్కేవాడు. అమ్మా నేనూ గరుకు కాగితంతో రుద్ది నునుపు చేసేవాళ్ళం. అందుకని నా నోటుపుస్తకాల్లో ఎప్పుడూ కొయ్యపొట్టు ఉండేది. అయ్యవారు నా పుస్తకం తెరవగానే ఉఫ్‌మని ఊది, "మీ ఇంటి సంతకం పోయిందమ్మాయ్, ఇంక మార్కులెయ్యొచ్చు" అనేవారు.

ఆయన గట్టి శివభక్తుడు. పొద్దున్నే పూజ చేసుకుని, నుదుటి నిండా విభూతితో సైకిలు మీద బడిదాకా వచ్చేవారు. గేటు లోపల బోరింగు పంపు ఉండేది. సైకిలుకు స్టాండు వేసి, ఒక చేత్తో పంపు కొట్టుకుంటూ ఇంకో చేత్తో నుదురు కడుక్కుని, కండువాతో తుడుచుకుని, అప్పుడు ప్రార్థనకు వచ్చి నిలబడేవారు. రోజూ చూసి చూసి మాకు అది సైకిలుకు తాళం వేయడంలాంటి పనే అయిపోయింది.

ఒకసారి మా క్లాసు పిల్లవాడొకడు ఉండబట్టలేక అడిగేశాడు, ఎందుకు సార్ కడుక్కుంటారని. "ఇంట్లో నేను శివుడి మనిషిని రా. గేటు దాటినాక మీ అందరి మనిషిని" అన్నారు. ఇంటికొచ్చి చెబితే మా నాన్న నవ్వాడు. బొట్టు ఉంటే మనకేం అడ్డం, అయ్యోరిది చాదస్తం అన్నాడు. ఎవరిది సరైన మాటో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. ఒక్కోరోజు మా నాన్నే కరెక్టేమో అనిపిస్తుంది.

నీతిబోధ పీరియడు కూడా ఆయనకే వేశారు. వారానికొకసారి ప్రతివాళ్ళూ ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పే మంచి మాట ఒకటి చీటీ మీద రాసి తేవాలి. పేరు రాయకూడదు, దేవుడి పేరు అసలు రాయకూడదు. ఆయన చీటీలు కలిపి ఒక్కోటి చదివి, ఇది ఎవరింటి మాటో చెప్పండ్రా అనేవారు. ఆకలన్నవాడికి ముందు పెట్టాలని ఒక చీటీలో ఉంటే అందరం చర్చి వెనక వీధి పిల్ల వైపు చూశాం. అది కోమట్ల అబ్బాయిది. ఆయన దాని మీద ఉపన్యాసం ఏమీ ఇచ్చేవారు కాదు, ఇంకో చీటీ తీసేవారు. కొన్నాళ్ళకు మగపిల్లలు తెలివిమీరి క్యాలెండరు మీద ఉన్నదే ఎక్కించి తెచ్చారనుకోండి, అది వేరే సంగతి.

చరిత్ర పాఠానికి నల్లబల్లను నిలువుగా రెండు చేసేవారు. ఎడమవైపు 'జరిగింది', కుడివైపు 'చెప్పుకునేది'. రాజులైనా వీరులైనా సాధువులైనా ఏ సంగతి వచ్చినా అది ఏ వైపు రాయాలో మేమే చెప్పాలి. కుడివైపును ఆయన ఎప్పుడూ చిన్నచూపు చూడలేదు. "చెప్పుకునేది కూడా మనదేరా, పారేసుకోబళ్ళేదు. గీత మటుకు చెరపబాకండి" అనేవారు.

అంత గీత గీసిన మనిషి ఒక్క కథ దగ్గర ఆ పని చేయలేదు. ఈ నాలుగు ముక్కలూ నేను రాస్తున్నది ఆ సంగతి చెప్పడానికే.

ఆ కథ మా ఊరివాళ్ళందరికీ తెలుసు. స్వాతంత్య్రం రాకముందు మా ఊరి కుర్రవాడొకడు వానలో కొండెక్కి, కోట బురుజు మీద మూడు రంగుల జెండా కట్టి, దిగి వస్తుంటే పోలీసు తూటా తగిలి చనిపోయాడు. గుడి వీధుల్లో అతను అమ్మవారికి మొక్కి ఎక్కాడని చెప్పేవాళ్ళు. మా వీధిలో అతని చేతికి అనుమసముద్రంపేట దర్గా తాయెత్తు ఉందని చెప్పేవాళ్ళు. అయ్యవారు ఆ రెండూ చెప్పేవారు కాదు. తూటా మాత్రం చెప్పేవారు. ప్రతి ఆగస్టు పదిహేనున మైకు ముందు ఆ ఘట్టం రాగానే డస్టరుతో బల్ల మీద టప్పున కొట్టేవారు. ముందు వరస పిల్లలు ఉలిక్కిపడేవాళ్ళు.

ఆ కుర్రవాడి తల్లిని మేమంతా జెండా అవ్వ అనేవాళ్ళం. ఏడాది పొడుగునా చింతపండు గింజ తీసే కూలికి పోయేది. ఆగస్టు పదిహేను పొద్దున మాత్రం ఉతికిన తెల్లచీర కట్టుకుని, ఒడిలో బంతిపూల రెక్కలు పోసుకుని బడికి వచ్చేది. జెండాలో పూలు పెట్టి మడిచేది ఆమే. తర్వాత హెడ్మాస్టరు పక్కన ఆమెకు ఒక చేతుల కుర్చీ వేసేవారు. మా ఊళ్ళో ఆమెకు కుర్చీ వేసేది ఆ ఒక్క చోటే, ఆ ఒక్క రోజే.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా జూలైలో అయ్యవారు ఇంటిపని ఇచ్చారు. ఊళ్ళో జరిగిన ఏదైనా సంగతి, కళ్ళారా చూసినవాళ్ళను అడిగి రాసుకురావాలి. నేను దాదాను అడిగాను. జెండా అబ్బాయి సంగతి చెప్పాడు. విన్నది విన్నట్టు రాసి, మర్నాడు క్లాసులో నిలబడి చదివాను. అందులో తూటా లేదు. పిల్లలు గొల్లుమన్నారు. అబద్ధం సార్ అని వెనక బెంచీ నుంచి ఎవరో అరిచారు. అయ్యవారు డస్టరు బల్ల మీద పెట్టి, "మీ దాదా సాయంత్రం ఇంట్లో ఉంటాడా?" అని మాత్రం అడిగారు.

వచ్చారు. గరిటెల కట్టల మధ్య పీట వేసుకుని కూర్చున్నారు. దాదా పని ఆపకుండానే చెప్పాడు. "తుపాకీ లేదు, పోలీసూ లేడు అయ్యోరూ. వాన పడతా ఉండాది. జెండా కట్టినాడు, అది నిజం. ఆ వానలో ఒక్కడే ఎక్కినాడు. దిగేటప్పుడు పాచిబండ మీద కాలు జారింది. నేనూ ఇంకిద్దరం కొయ్యకు పోయినోళ్ళం, దుప్పట్లో ఏసుకోని మోసుకొచ్చినాం. పోలీసోళ్ళు మర్నాడొచ్చి జెండా పీక్కపోయినారు."

"మరి ఇన్నేళ్ళూ నాతో ఒక్క మాట అనలేదే?"

"మీరు మైకులో చెప్తా ఉంటే నేను అడ్డమొచ్చి కాదనేదా? అందులోనూ మా ఇంటి నోటితోనా?"

అయ్యవారు పీట మీంచి లేచారు. ఆయన వెళ్ళగానే అమ్మ తలుపు వేసి నన్ను దులిపేసింది. దేశం కోసం చచ్చినవాడికి తూటా తగల్లేదని తురకల ఇంటి పిల్ల క్లాసులో చదివిందని ఊరంతా అంటే ఏం చేస్తావే అంది. నాకు అప్పటిదాకా ఆ ఆలోచనే రాలేదు. ఆ తర్వాత చాలా ఏళ్ళు పోలేదు.

మర్నాడు బడి వదిలాక అయ్యవారు, "నువ్వూ రామ్మాయ్, నువ్వు మొదలుపెట్టిన పనే గదా" అని నన్ను వెంటబెట్టుకుని జెండా అవ్వ దగ్గరికి పోయారు. అవ్వ వాకిట్లో చింతపండు ముందు పోసుకుని ఉంది. ఆయన కింద కూర్చుని, విన్నదంతా చెప్పారు. అవ్వ గింజలు తీస్తూనే వింది.

"నాకు తెలవదా నాయనా? ఆఖరి నీళ్ళు పోసింది నేనే గదా. దెబ్బ యాడ ఉండాదో నా చేతికి తెలవదా?"

"మరి నేను తూటా అంటుంటే..."

"మీరు చదూకున్నోళ్ళు. ఎందుకో ఒకందుకు అంటా ఉండారనుకున్నా." తర్వాత చెయ్యి ఆపి అడిగింది. "కాలు జారినాడని చెప్తే ఈసారి కుర్చీ ఎయ్యరా నాయనా?"

ఆయన మొహం నేను చూడలేకపోయాను. "నేనేస్తానమ్మా. నేనున్నన్నాళ్ళూ నేనేస్తాను" అన్నారు.

హెడ్మాస్టరుకు ఇది నచ్చలేదు. తూటా తీసేస్తే పిలకాయలకు ఇంక ఏం మిగలద్దయ్యా అన్నారట. కొండ మిగలద్ది సార్ అని ఈయన అన్నారట. ఇది ఆఫీసు గది కిటికీ కింద నిలబడి విన్న మా క్లాసు లీడరు చెప్పిన మాట. కనుక దీన్ని కుడివైపే రాయాలి.

ఆ ఆగస్టు పదిహేనున చేతుల కుర్చీ అయ్యవారే నెత్తిన పెట్టుకుని తెచ్చి వేశారు. జెండా ఎగిరింది, బంతి రెక్కలు రాలాయి. ఆయన మైకు ముందుకొచ్చారు. చేతిలో డస్టరు లేదు.

"పిలకాయలూ, ఇన్నేళ్ళూ నేను ఒక తప్పు చెప్పినాను. ఆ అబ్బాయికి తూటా తగల్లేదు. జెండా కట్టి దిగతా వానలో కాలు జారి పోయినాడు. చూసినవాళ్ళు చెప్పినారు, ఎవరని అడగబాకండి. అడక్కుండా చెప్పింది నేను, తప్పు నాది. కాలు జారినంత మాత్రాన చిన్నోడైపోయినాడని ఎవరికన్నా అనిపిస్తే, వానలో ఒక్కరే ఆ కొండెక్కి రండి, అప్పుడు మాట్లాడదాం."

చప్పట్లు లేవు. ముందు వరస పెద్దమనుషుల్లో ఇద్దరు లేచి వెళ్ళిపోయారు. మా తరగతి వరసలో కొందరు నా వైపు చూశారు గానీ, ఆయన తప్పంతా తన మీదే వేసుకున్నాక ఎవరూ మా ఇంటిదాకా రాలేదు. జెండా అవ్వ ఎవరినీ చూడలేదు, జెండానే చూస్తూ కుర్చీలో కూర్చుంది. వారం పాటు ఎవరో ఆయన సైకిలు గాలి తీశారు. ఆయన నడిపించుకుంటూ ఇంటికి పోయేవారు.

మరుసటి ఏడాది మైకు డ్రిల్లు మాస్టరుకు ఇచ్చారు. తూటా తిరిగొచ్చింది. మొన్నామధ్య ఆత్మకూరులో నా క్లాసు పిల్ల ఒకతె ఈ కథే చెబితే అందులో మూడు తూటాలున్నాయి. అయ్యవారికి మళ్ళీ ఆ రోజు మైకు ఇవ్వలేదు, ఆయనా అడగలేదు. కుర్చీ మాత్రం అవ్వ బతికున్నన్నాళ్ళూ ఆయనే మోశారు.

మధ్యాహ్నానికి ఉదయగిరి చేరాను. ఆయన నుదుటి మీద మూడు పట్టెల విభూతి ఉంది. అంత దగ్గరగా, కడగని నుదుటితో ఆయన్ని చూడడం నాకు అదే మొదలు. ఎవరో వేరే మనిషిలా ఉన్నారు.

సాయంత్రం బడిలో సంతాపసభ పెట్టారు. ఆయన దగ్గర చదివిన ఒక కుర్రవాడు, మన అయ్యవారు స్వాతంత్య్రం కోసం జైలుకెళ్ళిన మనిషి అన్నాడు. ఇంకొకడు, దేవుణ్ణి నమ్మని ధీరుడు, అందుకే బొట్టు లేకుండా బడికొచ్చేవాడు అన్నాడు. అందరూ తలలూపారు. ఇద్దరూ ప్రేమతోనే అన్నారు, అందులో సందేహం లేదు.

నేను లేచాను. సభలో మాట్లాడే అలవాటు నాకు లేదు. ఆయన జైలుకెళ్ళలేదు, అప్పుడు వాళ్ళ నాయనకు భయపడి ఊరేగింపు వైపే పోలేదని మాకు ఆయనే చెప్పారు అన్నాను. దేవుణ్ణి నమ్మేవారు, విభూతి గేటు దగ్గర కడుక్కునేవారు అన్నాను. ఆ తర్వాత పదేళ్ళకు పైగా నోట్లో దాచుకున్న మాట చెప్పాను. ఆ ఏడు తూటా లేదని చెప్పింది మా దాదా. క్లాసులో చదివింది నేను. మా పేరు బయటికి రాకుండా ఆయన కాపాడారు.

వెనక నిలబడ్డ కండక్టరు, "అట్నా" అన్నాడు మెల్లిగా. ఇంట్లో అమ్మకు ఈ సంగతి ఇంకా చెప్పలేదు.

తిరిగొస్తూ గేటు దగ్గర ఆగాను. పంపు పాడై చాలా కాలమైనట్టుంది, చేతికమ్మీ లేదు. కింద బండ మీద నీళ్ళు పడే చోట అరచేయంత తెల్లటి మరక ఉంది. అది ఆయన విభూతి అని రాస్తే బాగుండునని నాకు చాలా అనిపించింది. కానీ మా ఊరి నీళ్ళు ఉప్పు నీళ్ళు. ఏ పంపు కింద బండైనా అలాగే తెల్లబడి ఉంటుంది.