పడుగు పట్టినవాళ్ళకో మాత్ర

1962 జూన్ 11, సోమవారం, ఉదయం ఎనిమిది గంటల నలభై నిమిషాలకు వీరయ్య మా బల్ల ముందుకు వచ్చాడు. తనంతట తాను రాలేదు. అక్క ఈదమ్మ రెక్క పట్టుకుని లాక్కొచ్చింది. నేను అప్పుడు నల్లగొండ జిల్లా దవాఖానలో స్టాఫ్ నర్సును. మహబూబ్‌నగర్ నుంచి బదిలీ మీద వచ్చి పద్నాలుగు నెలలైంది. నా పైన హెడ్ సిస్టరు, ఆమె పైన సర్జన్. మగవాళ్ళ ఓపీ గదిలో రక్తపోటు చూడటం, మందు చేతికివ్వడం, ఎట్లా వాడాలో చెప్పడం నా పని. మందు ఇవ్వడానికి రెండు నిమిషాలు చాలు, చెప్పడానికి పది నిమిషాలు పట్టాలి అనేది మా హెడ్ సిస్టరు లెక్క.

వీరయ్యది చౌటుప్పల్ దగ్గర ఒక చేనేత ఊరు. వయసు అరవై నాలుగు. ఈదమ్మకు డెబ్బై, గొంతు మాత్రం ముప్పై ఏళ్ళది. ఏమిటి బాధ అని అడిగితే అతను నేల చూసి, "జర నడుము నొస్తాంది సిస్టరమ్మా" అన్నాడు.

"నడుమొక్కటే గాదు బిడ్డా, వానికి ఒంటికి వస్తలేదు. మొన్న సంది బిగవట్టుకొని తిరుగుతాండు" అంది ఈదమ్మ. వరసలో నిలబడ్డవాళ్ళంతా తలలు తిప్పి చూశారు.

రబ్బరు గొట్టం వేసి మూత్రం తీశాం. సర్జన్ వేలితో పరీక్ష చేసి, ప్రొస్టేట్ గ్రంథి రాయిలా తగులుతోందన్నారు. మగవాళ్ళకు మూత్రాశయం కింద ఉండే చిన్న గ్రంథి అది. వయసు మీదపడ్డాక చాలామందికి మెత్తగా ఉబ్బి మూత్రానికి అడ్డం పడుతుంది, అది క్యాన్సర్ కాదు. గట్టిగా, గడ్డలుగా తగిలితే అనుమానించాలి. ఎక్స్‌రేలో తుంటి ఎముక మీద, వెన్నెముక మీద మచ్చలు కనిపించాయి. హైదరాబాదుకు పంపిన రక్తపరీక్ష కూడా అదే చెప్పింది. క్యాన్సర్ గ్రంథిని దాటి ఎముకలకు పాకింది. పూర్తిగా నయం కాదు. అయితే ఈ జాతి క్యాన్సర్ మగ హార్మోను ఆసరాతో పెరుగుతుంది, ఆ ఆసరా తీసేస్తే కొన్నేళ్ళయినా అణిగి ఉంటుంది. తీయడానికి ఆ రోజుల్లో రెండు దారులు. ఒకటి వృషణాలు తొలగించే ఆపరేషన్. రెండోది ఆడ హార్మోను ఈస్ట్రోజన్ లాగా పనిచేసే స్టిల్బెస్ట్రాల్ మాత్ర.

సర్జన్ ఆపరేషన్ మాట ఇంకా పూర్తిచేయలేదు, వీరయ్య మంచం దిగి చెప్పుల కోసం వెతుకుతున్నాడు. కాబట్టి మాత్రే ఖాయమైంది. అతను కోరిందొకటే. "ఉన్నన్ని దినాలు మగ్గం గుంటల గూసోవాలె. ఇంట్ల మూలకు గూసోవెడితే మా అక్క నోటికే సస్త" అన్నాడు. కాళ్ళు గుంటలో పెట్టి కూర్చుని నేసే మగ్గం అతనిది, నడుము నొప్పి వల్ల మూడు నెలలుగా ఆగి ఉంది.

జూన్ 20న ముప్పై మాత్రలు ఇచ్చి నా పది నిమిషాలు మొదలుపెట్టాను. ఈ మందు మంచిదే కానీ అమాయకమైనది కాదు. రక్తం గడ్డకట్టే గుణాన్ని పెంచుతుంది, ఒంట్లో నీరు నిలుపుతుంది, గుండెకు భారం. అందుకే ప్రతి నెలా రక్తపోటు, బరువు చూసి, చీలమండ పైన బొటనవేలితో నొక్కి గుంట పడుతుందేమో చూస్తాం. రెండు కాళ్ళూ సమంగా వాస్తే అది నీరు. ఒక్క కాలే వాచి పిక్క నొస్తే లోపలి సిరలో రక్తం గడ్డ కట్టిందేమోనని భయపడాలి, అది కదిలి ఊపిరితిత్తిలోకి పోతే మనిషి అక్కడికక్కడే పోవచ్చు. రోజుకు ఒక్కటే, అన్నం తిన్నాక. ఒకరోజు మరిచిపోతే మర్నాడు రెండు వేసుకోకూడదు. ఇంకొకరికి ఇవ్వకూడదు. ఒక కాలు వాచినా, రొమ్ములో నొప్పో ఆయాసమో వచ్చినా, తెల్లవారి చూద్దామనకుండా దొరికిన బండెక్కి రావాలి. ఇవన్నీ అతనితో తిరిగి చెప్పించాను. తప్పు లేకుండా చెప్పాడు.

చివరకు ఛాతీ పెరుగుతుందని చెప్పాను. మగవాళ్ళకు ఈ సంగతి ముందే చెప్పి పెట్టాలి. లేకపోతే అద్దంలో చూసుకుని హడలిపోయి మాత్ర మానేస్తారు. వీరయ్య తల వంచి ఛాతీ వంక కాసేపు చూసుకున్నాడు.

"ఎర్ర రైక కుట్టియ్యాల్నారా, పచ్చదా?" అంది ఈదమ్మ.

"యాభై ఏండ్ల సంది ఆడోళ్ళకు చీరెలు నేసిన. ఇగ నాకొకటి నేసుకుంట తియ్యక్కా."

ఈ మాటకు హెడ్ సిస్టరు మొహం పక్కకు తిప్పుకుని కిటికీ రెక్క సరిచేసింది. కిటికీ బాగానే ఉంది.

మాత్ర పని చేసింది. జూలై 20న వచ్చినప్పుడు నడుము నొప్పి ముప్పాతిక వంతు పోయింది, మూత్రం ధారగా వస్తోంది, మగ్గం ఆడుతోంది. మరో ముప్పై ఇచ్చాను. అవి ఆగస్టు 19 దాకా రావాలి. పదో తారీఖునే వచ్చాడు. ఎలుకలు ఎత్తుకుపోయాయన్నాడు. ఇచ్చాం. ఆగస్టు 25న మళ్ళీ వచ్చాడు. పొట్లం మగ్గం గుంటలో పడి చెమ్మకు కరిగిందన్నాడు. ఆ మాత్రలు హైదరాబాదు నుంచి మూడు నెలలకోసారి లెక్కగా వచ్చేవి. ఈసారి ఇచ్చేముందు సర్జన్ స్వయంగా చెప్పారు, మాత్రలకు లెక్క కుదరకపోతే మందు ఆపేస్తామని, ఇక మిగిలేది ఆపరేషనే అని. వీరయ్య పొట్లాన్ని పంచె కొంగున రెండు ముళ్ళు వేసుకుని వెళ్ళాడు.

సెప్టెంబర్ 4న, ముప్పై మాత్రలూ పది రోజుల్లో అవజేసి వచ్చి నిలబడ్డాడు. ఈసారి ఎలుకా లేదు, చెమ్మా లేదు. ఊరికే నిలబడ్డాడు.

రోజుకు మూడు మింగాడేమోనని స్టూలు మీద కాళ్ళు పెట్టించి నొక్కాను. ఎండిన కర్రల్లాంటి కాళ్ళు, గుంట పడలేదు. బరువు అరపౌను కూడా పెరగలేదు. రక్తపోటు జూన్‌లో ఎంత ఉందో అంతే ఉంది. రోజుకు మూడు మింగినవాడి ఒళ్ళు ఇంత బుద్ధిగా ఉండదు. మాత్రలు ఇంకెక్కడికో పోతున్నాయి. అడిగితే అక్క వైపు చూశాడు.

"నన్నేంది సూస్తవు? నేను జెప్ప. నీ నోట్లకెల్లే రావాలె" అని ఈదమ్మ ఒక నిమిషం ఓర్చుకుంది. అంతకంటే ఆమె వల్ల కాలేదు. "మా వాడకట్టుల ముసలోళ్ళు ముగ్గురు రైకలకు కొలతలిచ్చేటట్టున్నరు బిడ్డా. సత్తయ్య అంగీ గుండీలు వెడతలేడు, గుచ్చుకుంటున్నయట."

అప్పుడు బయటపడింది. వాళ్ళ ఊళ్ళో నూలు పడుగుకు, అంటే మగ్గం మీది నిలువు పోగులకు, గంజి పెట్టి, పొద్దు పొడవక ముందే వీధి పొడుగునా చాపి ఆరబెడతారు. అది ఒక్క ఇంటివాళ్ళతో అయ్యే పని కాదు. ఆ కొసన ఒకరు, ఈ కొసన ఒకరు పట్టాలి, మధ్యలో కుంచె ఆడించాలి. ఒకరి పడుగుకు ఒకరు సాయం, కూలి ఉండదు. దానికి బదులు ఇంట్లో ఉన్నదేదో పంచుకుంటారు. పొగాకు, బెల్లం, జొన్న గటక, జ్వరానికి తెచ్చిన గోలీ కూడా. వీరయ్య పడుగు పట్టే సాయిలుకూ సత్తయ్యకూ రాత్రిపూట నాలుగైదుసార్లు లేవవలసిన బాధ ఉంది. తన బాధ తగ్గింది, కాబట్టి వాళ్ళకు పెట్టాడు.

ఎవరికీ ఇవ్వొద్దని నీతో రెండుసార్లు చెప్పించాను కదా అన్నాను.

"బయటోళ్ళకు ఒక్కటన్న ఇచ్చిన్నా సిస్టరమ్మా? పడుగు వట్టినోళ్ళకే ఇచ్చిన. వాళ్ళ ముంగట నేనొక్కన్నే ఎట్ల మింగుత?"

ఆ ఇద్దరినీ మర్నాడు తీసుకొస్తే తప్ప మాత్ర లేదని సర్జన్ తేల్చి చెప్పారు. ఆ ఒక్క రోజుకు మాత్రం, నా ముందే మింగించి పంపాను.

5వ తారీఖు పదకొండింటికి ముగ్గురూ వచ్చారు. ఉక్కపోతలో ముగ్గురూ గొంగళ్ళు కప్పుకుని ఉన్నారు. సత్తయ్య మూత్రాన్ని గాజు గొట్టంలో నీలం మందుతో కాచి చూస్తే ఇటుక రంగు తిరిగింది. అంటే చక్కెర జబ్బు, ప్రొస్టేట్‌తో సంబంధమే లేదు. సాయిలుది వయసుతో వచ్చే మెత్తటి వాపు, క్యాన్సర్ కాదు. మూడు జబ్బులకు ఒకటే మాత్ర నడిచింది. "నాకు గుణమిచ్చింది, రాత్రి రెండుసార్లే లేస్తున్న" అని సత్తయ్య వాదించాడు. సాయంత్రం పూట నీళ్ళు తాగడం మానేశాడని తర్వాత తెలిసింది.

సాయిలు కాళ్ళు స్టూలు మీద పెట్టమంటే కుడికాలు పెట్టాడు. రెండోది కూడా అంటే, "గదీ గిసొంటిదే గద సిస్టరమ్మా, ఒక్కదాన్ని జూస్తే రెండోది దెల్వదా?" అన్నాడు. ఈదమ్మ వంగి అతని పంచె పైకి లాగింది. ఎడమకాలు మోకాలి దాకా బిగుసుకుని మెరుస్తోంది. టేపుతో కొలిచాను. పిక్క దగ్గర కుడిదానికంటే అంగుళం ముప్పావు ఎక్కువ. వేలు తగలగానే పళ్ళు బిగించాడు.

ఎన్నాళ్ళ నుంచి అంటే ఎనిమిది రోజులన్నాడు. మగ్గం దగ్గర కాళ్ళు గుంటలో ఉంటాయి కాబట్టి ఇంట్లోవాళ్ళు చూడలేదు. ఎందుకు చెప్పలేదని నేను గట్టిగానే అడిగాను.

"నేను జెప్తె మీరు వీరన్న మందు బంద్ వెడ్తరట గద. ఆయనిప్పుడిప్పుడే గుంటల గూసుంటుండు. నాదేముంది, కాలే గద" అన్నాడు.

ఈదమ్మ తను పైకి లాగిన పంచెను మెల్లగా కిందికి దించింది.

సాయిలును ఆ క్షణమే పడుకోబెట్టాం. మంచం కాళ్ళవైపు ఇటుకలు పెట్టి ఎత్తాం, కాలు రుద్దనివ్వకుండా, నడవనివ్వకుండా కాపలా కాశాం. రక్తం గడ్డకట్టకుండా చేసే ఇంజక్షన్లు హైదరాబాదు నుంచి జీపులో తెప్పించారు. వార్డులో అతన్ని కదలకుండా ఉంచడం నా ఉద్యోగంలోని కష్టమైన పనుల్లో ఒకటి. తాగే నీళ్ళు కూడా లేచి తెచ్చుకుంటానని మొండికేసేవాడు. మొదటి పదిరోజులు అతను దగ్గినప్పుడల్లా నేను గడియారం చూసేదాన్ని. గడ్డ కదలలేదు. అక్టోబర్ 3న ఇంటికి పంపాం. ఎడమకాలి వాపు మాత్రం పూర్తిగా ఎప్పటికీ దిగలేదు.

వీరయ్య మాత్ర ఆపడమా, సాగించడమా అన్నది సర్జన్ రెండు రోజులు ఆలోచించారు. ఆపితే నొప్పి తిరగబెడుతుంది. హెడ్ సిస్టరు ఒక మార్గం చెప్పింది. పొట్లం వీరయ్య చేతికి కాక ఈదమ్మ చేతికి ఇవ్వాలి. ఆమె రోజుకు ఒకటి ఇచ్చి, మింగించి, నోరు తెరిపించి నాలుక కింద చూడాలి. ఈదమ్మకు ఇంతకంటే ఇష్టమైన పని దొరకదు. నోరు తెరిపించినప్పుడు తిట్టడానికి కూడా వీలుంటుందని ఆమె నాతో అంది. ఆ తర్వాత ఒక్కసారి కూడా లెక్క తప్పలేదు. వీరయ్య 1965 ఫిబ్రవరి దాకా మగ్గం గుంటలో కూర్చున్నాడు. ఆ ఏడు మే నెలలో పోయాడు.

అప్పటినుంచి, నేను రిటైరయ్యేదాకా, ఇలాంటి మందు చేతికిచ్చే ముందు ఎట్లా వాడాలో చెప్పడంతో పాటు ఇంకో ప్రశ్న అడిగేదాన్ని. నీతో కలిసి పనిచేసేవాళ్ళలో ఇదే బాధ ఎవరికుంది? ఉన్నవాళ్ళ పేర్లు రాసుకుని, వాళ్ళను కూడా దవాఖానకు రమ్మని కబురు పంపేదాన్ని. ఇవ్వొద్దనే మాట ఒక్కటే సరిపోదు. ఇవ్వాల్సిన అవసరమే లేకుండా చేయాలి.

పోయినవి ఇవి. నలభై నాలుగు మాత్రలు. దవాఖాన మంచం ఇరవై ఎనిమిది రోజులు. సత్తయ్యకు ఆ మాత్రను నమ్ముకుని చక్కెర జబ్బుకు చేయించుకోని వైద్యం ఒక నెల. సాయిలుకు మగ్గం కింద చెక్కలు తొక్కే ఎడమకాలు, దాంతో పాటు ఆ మగ్గం.