మాట్లాడితే తగ్గిన నొప్పి

తొంభైల చివర్లో నాకు గొంతులో ఏదో అడ్డంపడినట్టు ఉండేది. అన్నం దిగేది కాదు, రాగిముద్ద సంగతి సరేసరి. గొట్టం వేసి చూశారు, స్కానింగ్ తీశారు. "ఏమీ లేదమ్మా" అని ప్రతి డాక్టరూ శుభవార్తలా చెప్పేవాడు. నాకు ఒళ్లు మండేది. ఆఖరి డాక్టరు, మాటలతో వైద్యం చేసే ఒకావిడ దగ్గరికి పంపాడు.

నగర్తపేటలో మా అత్తవారిది జరీ అంచులమ్మే అంగడి. ఆ ఇంటి ఆడవాళ్లు ఒంటరిగా ఆసుపత్రికి పోయే ఆచారం లేదు. కూతురితో పుట్టింట్లోనే ఉండే మా ఆయన అక్క, అంటే మా వదిన, తోడొచ్చేది. వచ్చి ఊరుకునేదా? నిద్ర పడుతోందా అని ఆ డాక్టరమ్మ కన్నడంలో నన్నడిగితే, హాయిగా పడుతోందని వదిన కన్నడంలోనే జవాబిచ్చేది. నా గొంతుకు నాకంటే ఆమే హక్కుదారు.

మూడోసారి ఆవిడ వదినను బయట కూర్చోమంది. ఎప్పటినుంచి ఇలా ఉందని నన్నడిగింది. అంతే, చెప్పేశాను. ఆనేకల్‌లో మా అమ్మ పోయిందని పొద్దున్నే ఫోనొచ్చింది. ఆరోజు వదిన కూతురికి పెళ్లిచూపులు. వచ్చినవాళ్ల భోజనాలయ్యేదాకా నాకెవరూ చెప్పలేదు. నేను నవ్వుతూ కొసరి కొసరి వడ్డించాను. నేను వెళ్లేసరికి అమ్మను తీసుకెళ్లిపోయారు. ఆరోజునుంచే ఇలా అని చెప్పి, ఆవిడ గదిలోనే వెక్కివెక్కి ఏడ్చాను.

ఇంటికొచ్చి పెరుగన్నం తింటే దిగింది. ఎన్నాళ్లకో దిగింది. ఆ సంతోషం పట్టలేక "మాట్లాడితే తగ్గింది వదినా" అన్నాను.

సాయంత్రం అంగడినుంచి తమ్ముడొచ్చాక వదిన అతనితో అంది. "మాట్లాడితే పోయే నొప్పి యాడన్నా ఉంటాదా అప్పా? మందు లేదు, సూది లేదు. ఇన్నాళ్లూ నాటకమాడినాది."

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. మా ఆయన తల గోక్కుని, "తగ్గింది కదా, ఇంక ఆడికి పోయేదెందుకు" అన్నాడు. ఏమీ లేదని డాక్టర్లంటే నమ్మనివాళ్లు, తగ్గిందని నేనంటే ఏమీ లేదని నమ్మారు.

నెల తిరక్కముందే గొంతు మళ్లీ పట్టేసింది. ఈసారి చెప్పుకునే దారి కూడా లేదు. చెబితే అబద్ధం, చెప్పకపోతే ఆరోగ్యం. ఈ జన్మకింతే అనిపించింది.

ఒకరోజు నేను మెతుకులు కెలుకుతుంటే మా ఆయన, పాపం, నిజంగానే అడిగాడు.

"ఇప్పుడెట్లుండాది?"

"బాగుండాది" అన్నాను.