హలో అక్క అడిగిన ప్రశ్న

ఆ పేటలో ఆమెను అందరూ హలో అక్క అంటారు. అసలు పేరుతో ఎవరికీ పని పడలేదు. మైకుసెట్లు అద్దెకిచ్చే షాపులో ఉద్యోగం. పెళ్ళికైనా మీటింగుకైనా అందరికంటే ముందు వెళ్ళి, వైర్లు పరిచి, వీధి స్తంభాలకు గొట్టం మైకులు కట్టి, చివర్లో చేతిమైకు నోటి దగ్గర పెట్టుకుని "హలో, హలో, వన్ టూ త్రీ" అంటుంది. ఇన్నేళ్ళలో వేలమందికి వినపడేలా ఆమె పలికింది ఆ నాలుగు ముక్కలే. తర్వాత మైకు పెద్దవాళ్ళ చేతికి వెళ్తుంది, ఆమె గోడవారకు వెళ్తుంది. ఊరందరి గొంతులూ పెంచే ఈ మనిషి గొంతు పక్కగదిలోకి కూడా వినపడదు. కూరగాయల దగ్గర కూడా బేరమాడలేక మొగుణ్ణి పంపే రకం.

ఆమెకో కూతురు, రెండో క్లాసు. నోరు మూస్తే కళ్ళతో ప్రశ్నలడిగే పిల్ల. పోయిన చలికాలం నుంచి ఆ పిల్లకు నిద్రలో ఫిట్స్ వస్తున్నాయి. కళ్ళు తేలేసి, పళ్ళు బిగబట్టి, ఒళ్ళంతా కొట్టుకుంటుంది. మొదటిసారి వచ్చినప్పుడు వీధి చివరి ఆసుపత్రిలో పిల్లలకు రాత్రి వార్డు ఉండేది. చంకనేసుకుని పరిగెత్తింది, సూది వేశారు, బిడ్డ తేరుకుంది. రెండోసారి వెళ్ళేసరికి వార్డుకు తాళం. "రాత్రిళ్ళు ఎత్తేశారమ్మా, పెద్దాసుపత్రికి పో" అన్నాడు వాచ్‌మన్. పెద్దాసుపత్రి ఊరికి ఆ చివర, వంతెన అవతల ఉంది. బండి దొరికి అక్కడికి చేరేలోపు పిల్ల పెదవులు నీలంగా మారిపోయాయి. ఎలాగో బతికింది గానీ, ఆ నీలం తల్లి కళ్ళలోంచి పోలేదు.

భర్తకు కోల్డ్ స్టోరేజీలో రాత్రి డ్యూటీ. చీకటి పడితే ఇంట్లో ఉండేది తల్లీకూతుళ్ళే. దీపం ఆర్పాక ఆమె పిల్ల ముక్కు కింద వేలు పెట్టి చూస్తుంది. వెచ్చగా తగిలితే కాసేపు కళ్ళు మూసుకుంటుంది, మళ్ళీ లేచి చూస్తుంది. పిల్లకు మాత్రం "అది ఊరికే నిద్రలో వణుకు, పెద్దదానివైతే పోతుంది" అని చెప్పింది. అబద్ధాన్ని అంత నిబ్బరంగా చెప్పడం ఆమె జీవితంలో అదొక్కసారే.

అలాంటి రోజుల్లో వాళ్ళ పేటకు కుటుంబ సంక్షేమ శాఖ మంత్రి వస్తున్నాడని, కమ్యూనిటీ హాల్లో తల్లిదండ్రులతో ముఖాముఖి అని, మైకుసెట్టు మీదేనని షాపాయనకు కబురొచ్చింది. మధ్యాహ్నం నుంచే హలో అక్క నిచ్చెన వేసుకుని పేటంతా తిరిగింది. ఆఖరి గొట్టాన్ని వాళ్ళ వీధి మలుపులోనే, వాళ్ళ కిటికీకి ఎదురుగా ఉన్న స్తంభానికి కట్టింది. పిల్ల కిటికీ ఊచలు పట్టుకుని చూస్తూ, "అమ్మా, ఇందులోంచి నువ్వు మాట్లాడతావా?" అని అరిచింది.

"నేనెందుకు మాట్లాడతానే? మంత్రిగారు మాట్లాడతారు."

"ఆయన మాటలు నాకెందుకు? నువ్వు వన్ టూ త్రీ అను."

పిల్లను పక్కింటి పెద్దమ్మకు అప్పజెప్పి ఆమె హాలుకు వెళ్ళింది.

అక్కడ ఏర్పాట్లు చూసే తెల్ల బూట్లాయన ఆమెను పక్కకు పిలిచాడు. నవ్వుతూ మాట్లాడే మనిషి, నవ్వు మాత్రం పళ్ళ దగ్గరే ఆగిపోతుంది. "చూడమ్మా, మైకు జనంలోకి నువ్వే పట్టుకెళ్తావు కదా. ఎవరైనా దారితప్పి మాట్లాడితే నేను జేబురుమాలు తీస్తాను. వెంటనే స్విచ్చి నొక్కెయ్. మైకు మొరాయించిందనుకుంటారు, గొడవుండదు. తేడా వస్తే మీ షాపుకు మళ్ళీ మా మీటింగు ఒక్కటి కూడా రాదు. తెలిసిందా?"

ఆమె తలూపింది. దూరంగా మిక్సరు దగ్గరున్న షాపాయన కూడా ఎందుకైనా మంచిదని తలూపాడు.

మంత్రి వచ్చాడు. చక్కని మాటకారి. ఒక తల్లి స్కూలు బస్సు గురించి అడిగితే తన చిన్నప్పటి స్కూలు సంగతి చెప్పి నవ్వించాడు. ఇంకొకావిడ ప్రసూతి సెలవు గురించి అడిగితే మాతృత్వం ఎంత గొప్పదో వివరించాడు. సెలవు సంగతి కూర్చున్నాక గాని ఆవిడకు గుర్తురాలేదు. చప్పట్లు పడ్డాయి. హలో అక్క వరుసల మధ్య మైకు మోస్తోందే గాని, ఆమె కళ్ళన్నీ తెల్ల బూట్లాయన కోటు జేబు మీదే. మాటలు చెవిన పడుతున్నా తలకెక్కడంలేదు.

బేకరీ వ్యాను తోలే ఒకాయన లేచి మైకు అందుకున్నాడు. పని బట్టల్లోనే వచ్చాడు, చొక్కా మోచేతి మీద పిండి ఉంది. "అయ్యా, మా బాబుకు ఆయాసం. రాత్రిపూట..." అన్నాడో లేదో, జేబులోంచి తెల్లగుడ్డ బయటికొచ్చింది. ఆమె సాయం పట్టినట్టు చెయ్యి చాచి, మైకు కింద వేలు పెట్టి నొక్కేసింది.

ఆయన పెదవులు ఆడుతూనే ఉన్నాయి. పక్కనే ఉంది కాబట్టి ఆమె ఒక్కదానికే ఆ మాటలు వినపడ్డాయి. "ఈ వీధి చివరి ఆసుపత్రిలో పిల్లల వార్డు రాత్రిళ్ళు ఎందుకు మూసేశారండీ?"

ఇన్ని నెలలుగా ఆమె గొంతులో ఇరుక్కున్న ప్రశ్న అది. ఎవరో పుణ్యాత్ముడు పైకి లాగితే, తన చేత్తో తనే నొక్కేసింది.

వ్యానాయన మైకును అరచేత్తో తట్టి చూశాడు, ఊదాడు. చివరికి విసుగ్గా ఆమె చేతిలో పెట్టేశాడు. "పాడైపోయిందమ్మా మీ మైకు."

తెల్ల బూట్లాయన పళ్ళు కనిపించాయి. "ఆ, సాంకేతిక లోపం. ఇంకొకరు అడగండి."

భయం ఆమెకు కొత్త కాదు. కానీ ఆమె మైకు పాడైందని ఇంతవరకు ఎవరూ అనలేదు. ఆ మాట ఎక్కడో తగిలింది. ఏం చేస్తున్నదీ తెలిసేలోపే స్విచ్చి వేసింది. ఆన్ చేసిన మైకు నోటి దగ్గరికి వస్తే ఆమెకు వచ్చే మాట ఒకటేగా.

"హలో... హలో... వన్ టూ త్రీ..."

హాలంతా గొల్లున నవ్వింది. మంత్రి కూడా నవ్వాడు. "వినపడుతోందమ్మా, బాగానే వినపడుతోంది."

ఆమె పక్కనున్న కుర్చీ వీపు పట్టుకుంది. "పాడవలేదండీ," అంది. "నేనే ఆపేశాను. ఆపమంటే ఆపాను. ఆయన రాత్రి వార్డు గురించి అడుగుతున్నారు. మాకూ అదే కావాలండీ. మా పాపకు నిద్రలో ఫిట్స్ వస్తాయి. మొన్న వంతెన దాటేసరికి పెదాలు నీలంగా అయిపోయాయి. ఇంట్లో నేనొక్కదాన్నే ఉంటాను. మళ్ళీ వస్తే... మళ్ళీ వస్తే నా చేతుల్లోనే చచ్చిపోతుందేమోనని భయమండీ. రోజూ చీకటి పడుతుంటేనే భయం. ఆ వార్డు ఎందుకు మూశారో చెప్పండి."

నవ్వులు ఆగిపోయాయి. తెల్ల బూట్లాయన జేబురుమాలును జెండాలా ఊపుతున్నాడు, ఈసారి మిక్సరు వైపు. మిక్సరు దగ్గర మనిషే లేడు. షాపాయన బల్ల కింద దూరి, ఊడని వైరు కోసం వెతుకుతున్నాడు.

మంత్రి ముఖంలో నవ్వు పోయి అయోమయం వచ్చింది. "ఏ వార్డమ్మా?" అని అడిగాడు. పక్కనున్న సెక్రటరీ వైపు తిరిగాడు. సెక్రటరీ ఇంకొకరి వైపు తిరిగాడు. ఆ ఇంకొకరు తెల్ల బూట్లాయన్ని చూశాడు. వేదిక మీద ఎవరికీ తెలియదు. నటన కాదు, నిజంగానే తెలియదు.

అప్పుడు ఆమెకు అసలైన భయం పట్టుకుంది. ఎవరో పెద్దవాళ్ళు కూర్చుని, ఆలోచించి, ఏదో కారణంతో మూశారనుకుంది ఇన్నాళ్ళూ. కారణం ఉంటే బతిమాలొచ్చు, పోట్లాడొచ్చు. అలాంటి వార్డు ఒకటి ఉండేదని కూడా తెలియనివాళ్ళను ఏమని అడగాలి? "కనుక్కుంటానమ్మా, తప్పకుండా కనుక్కుంటాను" అన్నాడు మంత్రి. తర్వాత ఒక్కొక్కరే తల్లులూ తండ్రులూ లేచి అదే వార్డు గురించి అడిగారు. ఆయన అదే మాట తిప్పితిప్పి చెప్పి, కారెక్కి వెళ్ళిపోయాడు.

వైర్లు చుడుతుంటే షాపాయన వచ్చాడు. "రేపు షాపుకు రాకు" అన్నాడు కోపంగా. ఆమె తలవంచుకుంది. ఆయనే మళ్ళీ "ఎల్లుండి రా. ఈలోగా వాళ్ళే చల్లబడతారు" అని మిక్సరు ఎత్తుకుని పోయాడు.

వ్యానాయన గుమ్మం దగ్గర ఆగి ఉన్నాడు. "వ్యాను రాత్రిళ్ళు మా ఇంటి ముందే ఉంటుందమ్మా. సందు వెనకే. అవసరం పడితే వచ్చి తలుపు కొట్టు" అన్నాడు. ఆమె దండం పెట్టింది.

తర్వాత నిచ్చెన భుజాన వేసుకుని గొట్టాలు విప్పుతూ బయల్దేరింది. ఒక్కో స్తంభం ఎక్కుతూ దిగుతూ చివరికి తన వీధి మలుపుకు వచ్చింది. నిచ్చెన ఆనించి పైకెక్కి, గొట్టం మీద చెయ్యి వేసి, అది ఎటు చూస్తోందో అటు చూసింది. ఎదురుగా తన కిటికీ. రెక్కలు తెరిచే ఉన్నాయి.

హాల్లో తను అన్న మాటలన్నీ ఇందులోంచి వచ్చాయి. చచ్చిపోతుందేమోనన్న మాట కూడా. గొట్టాన్ని అలాగే వదిలేసి నిచ్చెన దిగింది.

పెద్దమ్మ తలుపు దగ్గరే ఎదురొచ్చింది. "కిటికీ మూయబోయానే. మా అమ్మ మాట్లాడుతోందని అది మూయనివ్వలేదు."

పిల్ల మంచం మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది.

"వన్ టూ త్రీ అన్నావుగా," అంది. "విన్నాను."

"తర్వాత... తర్వాత అన్నది కూడా విన్నావా?"

"ఊఁ."

ఆమె మంచం పట్టె మీద కూలబడింది. ఊరికే వణుకు అన్న పాత అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది గాని, ఈసారి పెగల్లేదు.

"నాకు ముందే తెలుసులే," అంది పిల్ల. "రోజూ నా ముక్కు కింద వేలు పెడతావుగా. నీ చెయ్యి వణుకుతుంటుంది. నువ్వు భయపడతావని నేను నిద్రపోయినట్టు పడుకుంటాను."

తల్లి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నీకూ భయంగా ఉందా?" అని అడిగింది, మైకు లేని తన మామూలు గొంతుతో.

పిల్ల తలూపింది. గోడవైపు జరిగి పక్క మీద చోటు చేసింది. "ఇక్కడ పడుకో అమ్మా. ఇవాళ మెలకువగానే ఉంటాను, వేలు పెట్టి చూసుకో."