క్యాన్సిల్ కిటికీ

విజయవాడ రోడ్డు మీద, ఎల్‌బీ నగర్ దాటాక అరగంట దూరంలో ఆనందసాగర్ అనే వాటర్ పార్కు ఉంది. పేరులో సాగరం ఉన్నా, లోపల ఉన్నవి నాలుగు నీళ్ల జారుడుబండలు, ఒక అలల కొలను, చల్లారిన సమోసాలమ్మే క్యాంటీను. ఆ పార్కులో సీజన్ పాసుల కౌంటర్ దగ్గర తొమ్మిదేళ్లు పనిచేసింది రాణి. తల్లితో కలిసి మన్సూరాబాద్‌లో కిరాయి ఇంట్లో ఉంటుంది.

సీజన్ పాసులో పెద్ద మాయేమీ లేదు. మార్చిలో ఒకసారి డబ్బు కడితే రాణి ఫొటో తీసి, కార్డు మీద అంటించి, ప్లాస్టిక్ తొడిగి ఇచ్చేది. జూన్ ఆఖరుదాకా ఎన్నిసార్లయినా రావచ్చు. జూలైలో ఆ కార్డు చెత్త. ఆ సంగతి ఇచ్చినవాళ్లకూ తెలుసు, పుచ్చుకున్నవాళ్లకూ తెలుసు. తమ్ముడి కార్డు పట్టుకొని అన్న వస్తే, "మీసాలొచ్చినంక గూడ ఐదో తరగతేనా?" అని గేటు దగ్గరే పట్టుకునేది.

పోయినేడాది కొత్త మేనేజరుగా పట్టాభి వచ్చాడు. అంతకుముందు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక జిమ్ములోకి, దానికి ముందు ఒక కోచింగ్ సెంటర్లోకి జనాన్ని చేర్పించిన ఘనుడు. చేర్పించడమే తప్ప, చేరినవాళ్ల గతి ఏమైందో ఒక్కచోటా ఆగి చూసినవాడు కాదు. నడివేసవిలో, నీళ్లు కారుతున్న పార్కులో, కోటు వేసుకొని తిరిగేవాడు. ఎవరూ నవ్వలేదంటే, జీతాల కాగితం మీద సంతకం అతనిది కాబట్టి.

మొదటి మీటింగులోనే తన గొప్ప ఆలోచన చెప్పాడు. "సీజన్ పాస్ అనేది ముసలి పద్ధతండీ. జూన్ అయ్యాక కస్టమర్ మనల్ని మర్చిపోతాడు. నెలనెలా మెంబర్‌షిప్ పెడదాం. నెలకి నాలుగొందలు ఫోన్లోంచి దానంతటదే కట్ అయిపోతే ఎవడికీ నొప్పి తెలీదు. వానాకాలంలో మనిషి రాడు, డబ్బు మాత్రం వస్తుంది. చూశారా అందం!"

"రానోళ్ల దగ్గర పైసలెందుకు సార్?" అంది రాణి.

"అందరూ వస్తే మన కొలను పడుతుందా అమ్మా?" అన్నాడు పట్టాభి. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆ నవ్వినవాళ్లలో రాణి కూడా ఉంది.

ఆ వేసవిలో రాణి రెండు వందల పైచిలుకు కుటుంబాలను చేర్చింది. అందులో ఒకటి సొంత అక్కది. అక్క మొగుడు నగేశ్ బడంగ్‌పేట్‌లో స్కూలు వ్యాను నడుపుతాడు. ఇద్దరు పిల్లలు. "ఎప్పుడంటే అప్పుడు బంద్ చేస్కోవచ్చు బావా, నేనున్న గదా" అని నలుగురి పేర్లూ రాయించింది. ఫారం వెనక వైపు ఉన్న షరతులు ఆమె చదవలేదు. అందుకు జాలిపడనక్కర్లేదు, ఆ ఫారం గురించి జనానికి చెప్పడానికే ఆమెకు జీతమిచ్చేది.

బడులు తెరిచారు, వానలు పడ్డాయి. జనం మానుకుంటామని రావడం మొదలైంది. అప్పుడు తెలిసింది పట్టాభి తెలివి. మెంబర్‌షిప్ తీసేయించుకోవాలంటే మనిషి స్వయంగా రావాలి. అదీ పనిదినాల్లో, పదకొండుకీ ఒంటిగంటకీ మధ్య. ఆ పనికి పెట్టిన కిటికీ ఎక్కడుందంటే పార్కు లోపల, అలల కొలను వెనక. ఒక నెల డబ్బు పడకపోతే గేటు దగ్గర కార్డు పనిచేయదు. అప్పుడు మామూలు టికెట్టు కొనుక్కొని లోపలికొచ్చి, ఇక రానని చెప్పుకోవాలి. ఇంత నీచమైన ఏర్పాటును పట్టాభి గోడకు వేలాడదీసిన బోర్డు మీద 'పూర్తి స్వేచ్ఛ' అని రాయించాడు.

ఆ కిటికీలో రాణిని కూర్చోబెట్టాడు. నెత్తిమీద కెమెరా. ముందు ఒక అట్ట, దానిమీద వచ్చిన ప్రతివాణ్ణీ అడగాల్సిన మూడు ప్రశ్నలు.

ఆగస్టులో ఒకనాడు, పొద్దుటి ట్రిప్పు దింపేసి నగేశ్ వచ్చాడు. మోకాళ్లదాకా ప్యాంటు మడిచి ఉంది, చెప్పులు చేతిలో ఉన్నాయి.

"రెండు నెలల సంది ఒక్కరోజు రాలే రాణీ. పైసలు మాత్రం పోతనే ఉన్నయి. జర తీసెయ్."

రాణి కెమెరా వైపు చూసింది. తర్వాత అట్ట వైపు చూసింది.

"మీ పిల్లల సంతోషం మీకు ముఖ్యం కాదా సార్?"

నగేశ్ వెనక్కి తిరిగి చూశాడు, ఎవరినో అడుగుతోందనుకొని. వెనక ఎవరూ లేరు.

"నన్నా?"

"ఇంకో మూడు నెలలు ఉంటే ఫ్రీగా ఒక టోపీ ఇస్తం. ఉంటరా సార్?"

"ఏంది రాణీ గిది? నేను నీ బావను."

మూడో ప్రశ్న కూడా అడిగింది. ఆ తర్వాత, ముప్పై రోజుల్లో ఆఫీసు నుంచి ఫోన్ వస్తుందని, అప్పటిదాకా డబ్బు కట్ అవుతుందని చెప్పింది.

నగేశ్ అరవలేదు. "మా పిల్లలు నీ పేరు చెప్పుకొని గర్వపడుతుండిరి. ఇంటికి పోయి ఏం చెప్పాలె?" అని, తడి నేల మీద జాగ్రత్తగా నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

ఆ రోజు రాణికి పట్టాభి మీద కన్నా తనమీద ఎక్కువ రోత పుట్టింది. పట్టాభికి సిగ్గు లేదు, దాన్నెవరూ అతనికి నేర్పలేదు. తనకు ఉండి కూడా అమ్ముకుంది.

ఆదివారం బడంగ్‌పేట్ వెళ్లింది. అక్క తలుపు తీసి, ముఖం తిప్పుకొని లోపలికి పోయింది. రాణి నగేశ్ ఫోన్ అడిగి తీసుకుంది. పైసలు పంపే యాప్ తెరిచి, ఆటోపే అన్నచోట ఆనందసాగర్ పేరు వెతికి, అక్కడే ఉన్న క్యాన్సిల్ నొక్కి, "పిన్ కొట్టు బావా" అంది. పిన్ కొట్టాడు. పనైపోయింది.

"గింతేనా?" అన్నాడు నగేశ్.

"గింతే."

"మరి ఆ కిటికీ ఎందుకు?"

"మనం పిచ్చోళ్లం కాబట్టి."

సోమవారం నుంచి కిటికీ దగ్గరికి ఎవరొచ్చినా రాణి అట్ట పక్కకు జరిపి, "ఫోనియ్యండి, నేను చూపిస్త" అనడం మొదలుపెట్టింది. ఒకరికి చూపిస్తే, వాళ్లు కాలనీ వాట్సాప్ గ్రూపులో పదిమందికి చెప్పారు. సెప్టెంబర్ దాటేసరికి సగం మంది మెంబర్లు గేటు తొక్కకుండానే పోయారు.

డబ్బు తగ్గాక పట్టాభి కెమెరా రికార్డు తీయించి చూసి, రాణిని పిలిపించాడు. "నీకు బిజినెస్ అర్థం కాలేదమ్మా."

"అయింది సార్. అయినంకనే చెప్తున్న అందరికీ."

తీసేస్తే బయట ఇంకా ఏం చెబుతుందోనని భయపడ్డాడు. అందుకని ఈత బట్టలు అద్దెకిచ్చే కౌంటర్‌కు మార్చాడు. క్లోరిన్ కంపు కొట్టే నైలాన్ నిక్కర్లు పిండి, ఆరేసి, సైజుల వారీగా సర్దే పని. రాణి నోరెత్తకుండా ఐదు నెలలు చేసింది.

ఫిబ్రవరిలో ఇంకో మీటింగ్ పెట్టారు. మెంబర్‌షిప్ కట్టేవాళ్లు నలభైమంది మిగిలారు. వాళ్లలో సగం మంది మర్చిపోయినవాళ్లు. పట్టాభి అదే కోటుతో నిలబడి, ఏమాత్రం తడబడకుండా చెప్పాడు: "నేనొక కొత్త ప్లాన్ తయారు చేశానండీ. మార్చిలో ఒకసారే డబ్బు. జూన్ దాకా ఎన్నిసార్లయినా. కార్డు మీద ఫొటో!" పార్కు యజమాని చప్పట్లు కొట్టాడు. ఇంత పిరికితనం మీదా, ఇంత మతిమరుపు మీదా నడిచే వ్యాపారాన్ని చూసి రాణికి కోపం కూడా రాలేదు.

మర్నాడు పట్టాభి నిక్కర్ల కౌంటర్‌కు వచ్చాడు. ఫొటో పని తెలిసినవాళ్లు ఇంకెవరూ లేరు, మళ్లీ పాసుల కౌంటర్‌కు రమ్మన్నాడు.

"రాతపూర్వకంగా ఇయ్యండి సార్. ఆ మూడు ప్రశ్నలు నన్ను ఎన్నడూ అడగమనరని కూడా రాయండి" అంది రాణి.

సాయంత్రానికి కాగితం తెచ్చాడు. రాణి చేతులు తుడుచుకొని, ముందూ వెనకా మొత్తం చదివి, తన పేరులో ఉన్న తప్పు చూపించి, మళ్లీ టైపు చేయించుకు రమ్మని తిప్పి పంపింది.