చెవితో వండే పెద్దమ్మ

హాస్టలు వంటగదిలో పెద్దమ్మ నోటికి ఎదురు లేదు. కూరగాయలవాడు బుట్ట అడుగున ఒక్క పుచ్చు వంకాయ దాచి తెచ్చినా, ఆ పూట వాడి ఏడుతరాలవాళ్ళూ ఆ వంటగదిలోకి వచ్చి చీవాట్లు తిని వెళ్ళేవాళ్ళు. రెండువందల మంది పిల్లలకు ఇరవై రెండేళ్ళుగా వండిపెడుతున్న మనిషి. అలాంటి మనిషి ఒక్క విషయంలో మాత్రం ఆరేళ్ళుగా నోరు కుట్టేసుకుంది. ఆవిడకు వాసన తెలియదు.

ఏదో జ్వరం వచ్చి పదిరోజులు మంచాన పడేసి, పోతూపోతూ వాసనను వెంటబెట్టుకుపోయింది. డాక్టరు ముక్కులోకి లైటు వేసి చూసి, తిరిగి రావచ్చు, రాకపోనూవచ్చు అన్నాడు. ఆ మాట చెప్పడానికి డాక్టరే కావాలా అని పెద్దమ్మ మళ్ళీ అటు వెళ్ళలేదు. నాలుకకు ఉప్పు, పులుపు, కారం మిగిలాయి. తక్కినదంతా చెవి చూసుకుంది. తడి ఉల్లిపాయ నూనెలో పడగానే సంతలో ఆడవాళ్ళలా గోల చేస్తుంది, వేగేకొద్దీ నోరు తగ్గిస్తుంది. కూర చిక్కబడితే బుడగలు బరువెక్కి నిదానంగా పగులుతాయి. అడుగంటబోయే ముందు గిన్నె లోపలినుంచి సన్నగా చిటపట మొదలవుతుంది. ఆ చిటపట వినపడితే చాలు, పెద్దమ్మ ఎక్కడున్నా పరుగున వచ్చి గరిటె అందుకునేది.

పాలు విరిగాయా, నూనె ముక్కిపోయిందా అన్నది మాత్రం కోడలు చెప్పాలి. కోడలిది అదే వంటగదిలో కూరలు తరిగే పని. నా ముక్కు మా కోడలి ముఖాన ఉంది, అందుకే దాంతో పోట్లాట పెట్టుకోను అని పెద్దమ్మ ఇంట్లో నవ్వేది. బయటికి పొక్కితే మాత్రం నవ్వులాట కాదు. కొత్త వార్డెను వచ్చిన దగ్గరనుంచీ సర్టిఫికెట్టున్న వంటవాణ్ణి పెడదాం అంటూనే ఉన్నాడు. వాసన తెలియని మనిషని తెలిస్తే పొయ్యి దగ్గరనుంచి లేపి గిన్నెలు తోమే తొట్టి దగ్గరికి తోస్తాడు. తోమడం తప్పుపని కాదు. కానీ ఆ పొయ్యి ఆవిడది.

అలాంటి రోజుల్లో కాలేజీకి విదేశీ విద్యార్థులు పన్నెండుమంది వచ్చారు. వాళ్ళ కాలేజీ పిల్లలు ఇక్కడికి, ఇక్కడి పిల్లలు అక్కడికి. "ఆహారం ద్వారా, పంచేంద్రియాల ద్వారా సాంస్కృతిక వారసత్వ పరిచయం" అని పొడుగాటి గుడ్డ మీద రాసి భోజనాల హాలు గుమ్మానికి కట్టారు. ఆ పేరు చదివేలోపు అన్నం ఉడికిపోతుంది అంది పెద్దమ్మ. వంట అందరి ఎదుటా జరగాలని పొయ్యిని హాల్లోకి తెప్పించారు. కార్యక్రమం ఏర్పాట్లు చూసుకునే లెక్చరరమ్మ రెండు స్పీకర్లు కూడా పెట్టించింది. పాట మోగితే పెద్దమ్మకు గిన్నె చప్పుడు వినపడదు. పాట వద్దమ్మా అని రెండుసార్లు అడిగింది, ఎందుకో మాత్రం చెప్పలేకపోయింది. పాట లేకపోతే బోసిగా ఉంటుంది పెద్దమ్మా అని లెక్చరరమ్మ తేల్చేసింది. పైగా కోడలికి ఇస్త్రీ బట్టలు కట్టించి, షర్బతు గ్లాసుల పళ్ళెం చేతికిచ్చి గుమ్మం దగ్గర నిలబెట్టింది. ముక్కు గుమ్మం దగ్గర, చెవులు పాట కింద. పెద్దమ్మ అలాగే పొయ్యి వెలిగించింది.

ఉల్లిపాయ, టమాటా కూర. ఎన్ని వేలసార్లు వండిందో. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి గరిటె పట్టుకుని ఫోటోలు దిగుతున్నారు. కూర పైకి ఎర్రగా నిగనిగలాడుతూనే ఉంది. ముందు వరసలో ఒకమ్మాయి ముక్కు మూసుకుంది. తర్వాత ఇంకొకరు. వార్డెను లేచి నిలబడి, "మాడిపోతుంటే వాసన రావడం లేదా?" అని గట్టిగా అడిగాడు.

హాలంతా చూస్తోంది. కోడలు పళ్ళెంతో పరుగెత్తుకొచ్చింది కానీ అప్పటికే ఆలస్యమైపోయింది. మంట ఎక్కువైందనో, గిన్నె పల్చనిదనో పెద్దమ్మ ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. ఆరేళ్ళు చేసిన పనే. కానీ ఆ క్షణాన ఆవిడకు ఒళ్ళు మండిపోయింది.

"పాట ఆపండి," అంది. ఆపారు. "రావడం లేదు బాబూ. ఆరేళ్ళుగా నాకు వాసనే తెలియదు. ఈ ఆరేళ్ళూ మీరు తిన్నదంతా నేను చెవితో వండిందే. ఇవాళ ఆ చెవులు మూసేశారు, మాడింది. దాచినందుకు సిగ్గుపడతాను. వండినందుకు పడను."

లెక్చరరమ్మ ఆ మాటలు విదేశీ పిల్లలకు వాళ్ళ భాషలో చెప్పింది. పెద్దమ్మ మాడిన గిన్నె దించి కొత్త గిన్నె పెట్టింది. కళ్ళు మూసుకోండి, ఎవరూ మాట్లాడకండి, గోల తగ్గిందనిపిస్తే చెయ్యెత్తండి అంది. నూనె, ఉల్లిపాయ. చాలాసేపు హాల్లో అదొక్కటే చప్పుడు. ముందు ముక్కు మూసుకున్న అమ్మాయే మొదట చెయ్యెత్తింది. తర్వాత అందరి చేతులూ లేచాయి. పెద్దమ్మ మంట తగ్గించి టమాటాలు వేసింది.

చప్పట్లు కొట్టినవాళ్ళు కొట్టారు. వార్డెను కొట్టలేదు. సాయంత్రం వంటగదిలోకి వచ్చి, రేపటినుంచి పెద్దమ్మ తొట్టి దగ్గర, గరిటె కోడలికి అన్నాడు. కోడలు తల కూడా ఎత్తకుండా, "నాకు తరగడం తప్ప ఏమీ రాదండీ," అంది. పచ్చి అబద్ధం. ఇంట్లో వంటంతా దానిదే.

"ఈ సంగతి తెలిశాక పిల్లలెవరు తింటారు?" అన్నాడాయన.

"ఆ మాట పిల్లలనే అడుగుదాం," అంది పెద్దమ్మ.

మర్నాడు తెల్లారకముందే వచ్చి పొయ్యి ముట్టించింది. మధ్యాహ్నానికి భోజనాల హాల్లో, రోజూ కూరల పేర్లు రాసే నల్లబోర్డు మీద కూర పేరు రాసి, దాని కింద సుద్దముక్క అరిగిపోయేలా ఇంత లావున రాసింది: "వండిన మనిషికి వాసన తెలియదు. ఇష్టంలేనివాళ్ళు తినవద్దు."

పిల్లలు చదివారు. ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. తర్వాత పళ్ళేలు తీసుకుని, ఎప్పటిలాగే తోసుకుంటూ వరసలో నిలబడ్డారు. విదేశీ పిల్లలైతే పళ్ళేలతో మళ్ళీ రెండోసారి వచ్చారు. వరస అంతా అయిపోయాక, గిన్నెలో నాలుగు గరిటెల కూర మిగిలినప్పుడు, వార్డెను పళ్ళెం పట్టుకుని వచ్చాడు.

"బోర్డు చదివారా?" అని అడిగింది పెద్దమ్మ.

"చదివాను."

"అయితే పళ్ళెం దగ్గరికి పట్టండి."