వెనక సీటులో అత్తయ్య

నిన్న సాయంత్రం కూరగాయల సంచీతో, సింగపూర్ పాసిర్ రిస్‌లో మా ఫ్లాట్ కింద పార్కింగ్ దాటుతుంటే, పిస్తా రంగు పాతకాలపు స్కూటరు ఒకటి కనిపించి కాళ్ళు ఆగిపోయాయి. కాలేజీ వయసు జంట ఒకటి దాని మీద వంతులవారీగా కూర్చుని ఫొటోలు తీసుకుంటోంది. నేను కళ్ళార్పకుండా చూడటం గమనించి ఆ అమ్మాయి ఇక్కడి యాసలో "వింటేజ్ లాహ్, ఆంటీ" అంది. మనం నడిపిన బండ్లు వింటేజ్ అయితే మన సంగతేమిటో మీరే ఆలోచించుకోండి.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు వెల్లువెత్తిన రోజుల్లో మా ఆయనా నేనూ ఇక్కడికి వచ్చాం. వారమంతా రాఫెల్స్ ప్లేస్‌లో ఏసీ గదుల్లో కంప్యూటర్ల ముందు మెడలు వంచుకునే మా తెలుగు బృందానికి ఆదివారం పొద్దున్న వచ్చిందంటే పూనకమే. కారు కొనే తాహతు ఎవరికీ లేదు కాబట్టి సెకండ్‌హ్యాండ్ స్కూటర్లు కొని, వాటికి అవసరానికి మించిన అద్దాలు బిగించి, మా ఫ్లాట్ కింద పోగై సెంబవాంగ్ సముద్రం దాకా బారులు తీరి వెళ్ళేవాళ్ళం. బండి మొరాయిస్తే మావాళ్ళు ముందు దాన్ని పక్కకు వంచి, లేపి, అప్పుడు కిక్కు కొట్టేవారు. బ్యాంకుల సర్వర్లకు వైద్యం చేసేవాళ్ళకు కూడా స్కూటరుకు అంతకు మించిన వైద్యం తెలియదు. ఆడవాళ్ళలో బండి నడిపేది నేనొక్కదాన్నే, ఆ గొప్ప నాకు ఇప్పటికీ ఉంది.

మామగారు పోయిన మరుసటి ఏడు మా అత్తయ్య తెనాలి నుంచి వచ్చి మా దగ్గర కొన్నాళ్ళు ఉన్నారు. మామగారికీ స్కూటరు ఉండేది, పెళ్ళయిన కొత్తలోనే కొన్నారట. సినిమాకైనా పేరంటానికైనా ఆవిడ ఆయన వెనక ఒక పక్కకు కూర్చుని వెళ్ళడమే. ఆయన పోయాక ఆ బండి అమ్మేశారు, ఆవిడ మళ్ళీ దేని మీదా ఎక్కలేదు. మొదటి ఆదివారం ప్యాంటు వేసుకుని బండెక్కిన నన్ను చూసి, మగరాయుడిలా అదేం కూర్చోవడమే అని మూతి ముడిచారు. అయినా ఆ తర్వాత ప్రతి ఆదివారం కారిడార్‌లో నిలబడి, మేం కనుమరుగయ్యేదాకా చూసేవారు. ఇంకో వారంలో తిరుగు ప్రయాణమనగా, కరివేపాకు దూస్తూ, నా మొహం చూడకుండా అడిగారు.

"ఒక్కసారి నన్నూ తీసుకెళ్ళవే అమ్మాయ్. మళ్ళీ ఈ జన్మలో స్కూటరెక్కుతానో లేదో."

ఆ ఆదివారం మా కుర్రాళ్ళ హడావుడి చెప్పనలవి కాదు. ఒకరు హెల్మెట్ తొడిగారు, ఒకరు బండి కదలకుండా పట్టుకున్నారు, మా ఆయన కొంగు చక్రంలో పడకుండా సర్దారు, అందరం కలిసి ఆవిడను భద్రంగా ఒక పక్కకు కూర్చోబెట్టాం. అంతలో కాఫీ పట్టుకుని వెళ్తున్న పక్క బ్లాకు చైనీస్ పెద్దాయన ఆగి, "ఆంటీ, లైక్ దట్ సిట్ కెనాట్ లాహ్" అన్నాడు. ఈ దేశంలో వెనకవాళ్ళు చెరో పక్కకు కాలు వేసే కూర్చోవాలి. లైసెన్సు పరీక్షకు ఆ రూలు కంఠతా పెట్టిన ఇంతమందిమి, చీర కట్టిన పెద్దావిడను చూడగానే సింగపూర్‌లో ఉన్నామన్న సంగతే మరిచిపోయాం. మా ఆయన, పోనీలే అమ్మా, టాక్సీలో వెళ్దాం అన్నారు. అత్తయ్య హెల్మెట్ తీసి ఇచ్చి లిఫ్టు వైపు వెళ్ళిపోయారు, నాకు ప్రాణం ఉసూరుమంది.

మేమింకా తేల్చుకోలేక అక్కడే నిలబడి ఉండగా ఆవిడ తిరిగి వచ్చారు. ఒంటి మీద నా తెల్ల కాటన్ చుడీదార్. అరవై దాటాక, పుట్టి బుద్ధెరిగి మొదటిసారి. మాలో ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు గానీ, ఆవిడ కాలెత్తి బండెక్కబోతుంటే మగపిల్లలందరూ ఒక్కసారిగా అటు తిరిగి తమ తమ టైర్లలో గాలి చూసుకోవడం మొదలుపెట్టారు. ఆ మర్యాదకు వాళ్ళను ఇప్పటికీ మనసులో దీవిస్తాను.

దారంతా నా భుజం మీద ఆవిడ చెయ్యి బరువుగానే ఉంది. సెంబవాంగ్ చేరి దిగాక, హెల్మెట్ తీసి, చాలాసేపు సముద్రం కేసి కాకుండా మేం వచ్చిన దారికేసి చూశారు.

"మీ మామయ్యగారు ముందు ఏం చూస్తూ నడిపేవారో నాకు తెలియనే లేదే. వెళ్ళేటప్పుడు ఈ పక్క షాపులు, వచ్చేటప్పుడు ఆ పక్క షాపులు, అవే నేను చూసింది. రోడ్డు ఎంత బాగుందో."

ఆవిడ ఏడుస్తున్నారేమోనని భయపడ్డాను, నవ్వుతున్నారు. నాకే కళ్ళు నిండాయి.

ఉద్యోగాల ఆటుపోట్లకు మా బృందం తలో దేశం పట్టింది, సర్కారు పర్మిట్ గడువు తీరిన స్కూటర్లు ఒక్కొక్కటే తుక్కు కింద పోయాయి, అత్తయ్య పోయి కూడా చాలా ఏళ్ళయింది. స్కూటరంటే డేంజర్ అని మా అమ్మాయి రైలు తప్ప ఎక్కదు. ఇప్పుడు నేనూ ఆ రైల్లోనే ఊరంతా భూమి కిందనుంచే తిరుగుతాను, సుఖంగానే ఉంటుంది, ఏ దారిన వెళ్ళానో మాత్రం తెలియదు.

నిన్న పార్కింగ్‌లో ఆ ఫొటోల అమ్మాయి, నన్నూ కూర్చోమని, ఫొటో తీస్తానని ముచ్చటపడింది. సంచీ కింద పెట్టి, మోకాళ్ళు మూలుగుతున్నా చెరో పక్కకు కాలు వేసి, వెనక సీటులోనే కూర్చున్నాను. ఆంటీ, ముందుకు జరగండి అంటుంది ఆ పిల్ల. ముందు సీటు ఖాళీగా ఉంది, దాని మీదుగా రోడ్డు చాలా దూరం కనిపించింది.